బంద్ రోజున పుట్టిన ఖాతాలు

లోకంలో పుట్టినతేదీలు రెండు రకాలు. మనుషులవి బళ్లో చేర్పించే రోజున హెడ్మాస్టరు గారి సౌకర్యాన్ని బట్టి జూన్ నెలలోకి జరుగుతాయి. కంప్యూటర్ ఖాతాలవి మాత్రం పరమ పవిత్రం. ఈ సత్యాన్ని నిలబెట్టడానికి 2011లో, సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో, గచ్చిబౌలిలోని ఒక కంపెనీ ‘ఖాతాల జన్మ నిర్ధారణ విభాగం’ స్థాపించింది. దాని అధిపతి శ్రీనివాసరావు గారు. (విభాగంలో ఇంకెవరూ లేరు కాబట్టి క్రమశిక్షణ బాగుండేది.)

యునిక్స్ సర్వర్‌లో ప్రతి ఉద్యోగి ఖాతా ఏనాడు పుట్టిందో తేల్చమని ఆయన ఆదేశించారు. సర్వర్లు చూసుకునే ఎల్లేశం తల గోక్కున్నాడు.

“సార్, యునిక్స్ గా సంగతి రాసిపెట్టుకోదు. పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చిన్రు, ఆఖరుకు ఎప్పుడు లోపటికొచ్చిన్రు, అన్నీ చెప్తది. ఖాతా ఎప్పుడు పుట్టిందంటే మాత్రం దానికి ఎర్కలేదు.”

“అలా అంటే ఎలాగండీ? ఏదో ఒక తేదీ ఉంటుంది కదా.”

“ఎవల ఫోల్డర్ వాళ్లకుంటది. దాని మీద ఒక తారీఖైతే ఉంటది. కానీ సార్...”

‘కానీ’ తర్వాతి మాటలు వినే అధికారం విభాగానికి లేదు. ఫోల్డర్ తేదీయే జన్మతేదీ అని ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ వెలువడింది.

ఎల్లేశం మింగేసిన మాట ఇది: కిందటి నెల ఒక బంద్ రోజున, ఆఫీసు ఖాళీగా ఉంటుందని, మేనేజర్ అతన్ని పిలిపించి పాత సర్వర్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్పించాడు. దాంతో ఫోల్డర్లన్నిటి మీదా ఆనాటి తేదీయే పడింది. కాబట్టి కంపెనీ యావత్తూ ఆ ఒక్క రోజే పుట్టినట్టు తేలింది.

అంతకన్నా పెద్ద చిక్కు, అది బంద్ రోజు కావడం. ఆ రోజుల్లో ఐటీ కంపెనీలకు ఒక ఆచారం ఉండేది. బంద్‌కి సెలవిచ్చి, ఆ పని శనివారం చేయించుకునేవారు. (రోడ్డు మీద జనం రాష్ట్రం అడిగేవారు, లోపల మేనేజర్లు శనివారం అడిగేవారు. శనివారం వెంటనే వచ్చేసేది.) అందుచేత రెండో సర్క్యులర్: “బంద్ రోజున ఆఫీసు లేదు గనుక ఏ ఖాతాయూ పుట్టుటకు వీలులేదు. అవన్నియు తదుపరి శనివారం పుట్టినట్లు భావించవలెను.” ఎం.డి. గారి ఖాతా కూడా అదే శనివారం పుట్టింది. స్థాపకులకు పుట్టుక ఉండదని ఆయన్ని మినహాయించారు.

ఇదంతా నవ్వుకుని వదిలేయవచ్చు. అయితే టెస్టింగ్ టీములో సౌజన్య అనే అమ్మాయి ఉంది. కర్నూలు పిల్ల, నల్లగండ్లలో కాపురం, ఎనిమిదో నెల. ప్రసూతి సెలవుకు దరఖాస్తు పెట్టింది.

“ఖాతా పుట్టిన రోజు నుంచి లెక్కేస్తే మీ సర్వీసు నెల కూడా నిండలేదండీ,” అన్నారు శ్రీనివాసరావు గారు. “ఆ సెలవుకి ఎనభై రోజులుండాలి.”

“ఏం సార్ ఇది? మూడేండ్ల నుంచి చేస్తాండా. మీరు ఇంటర్వ్యూకి వచ్చిన రోజు మీకు టీ తెప్పించింది నేనే గదా?”

“నాకు గుర్తుందండీ. సర్వర్‌కి గుర్తు లేదు.”

“మరి ఈ కడుపుకేం చెప్తారు?”

ఆయన వేళ్ల మీద లెక్క వేశారు. గర్భం ఉద్యోగి కంటే సీనియర్ అని తేలింది. “అంటే, చేరేనాటికే ఏడో నెలన్నమాట. ఇంటర్వ్యూలో ఎందుకు దాచారండీ?”

ఇక్కడ కథ చెబుతున్న నాకు ఒళ్లు మండింది. (ఒళ్లు మండడానికి ముందస్తు అనుమతి తీసుకోలేదు. క్షమించాలి.)

ఎల్లేశం సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. “సార్, గా బంద్ రోజు నేనే వచ్చి అన్నీ మార్చిన. బాలానగర్ నుంచి బండికి జెండా కట్టుకొని వచ్చిన, ఎవ్వలు ఆపలె. అక్క శానా పాతామె సార్. జర ఆమె సంగతి జూడున్రి.”

“ఆ రోజు మీ హాజరు లేదండీ. శనివారం ఉంది.”

“శనివారమా? శనివారం నేను ఇంట్ల పండుకున్న సార్. మేనేజర్ సారే రావద్దన్నడు.”

రాని రోజున హాజరైనట్టూ, వచ్చిన రోజున లేనట్టూ తానే ఒప్పుకున్నాడు కనుక అతని సాక్ష్యం చెల్లలేదు. గర్భం దాచిన నేరానికి సౌజన్య ఉద్యోగం ఆ శుక్రవారమే పోయింది. ఏడుస్తూ బ్యాగు సర్దుకుని, పొట్ట మీద చేయి వేసుకుని ఆఫీసు బస్సు ఎక్కింది. పాపను కన్నప్పుడు దవాఖాన ఖర్చంతా ఇంటివాళ్లే పెట్టుకున్నారు.

ఆమెను తీసేయడం తేలికే అయింది గానీ, ఖాతాను తీసేయడం కుదరలేదు. తొలగింపు ఫారంలో జన్మతేదీ రాసి ఉద్యోగి సంతకం చేయాలి. ఆమె తాను చేరిన అసలు తేదీ రాసింది. తేదీలు కలవలేదని ఫారం తిరిగొచ్చింది.

ఖాతా అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడాది ఆడిట్‌లో విభాగం దానికి ప్రశంసాపత్రం ప్రకటించింది. పుట్టిన నాటి నుంచి ఒక్క రోజైనా సెలవు పెట్టని ఉద్యోగి కంపెనీలో అదొక్కటేనట.