కెంటోకు వెలిగించిన కొవ్వొత్తులు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా, ఆ సాయంత్రం మ్యాచ్ పోస్టర్ పెట్టేయాలని యమున ముందురోజే అనుకుంది. కెంటో మినసె జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు. గోల్ కొట్టాక ఎగరడు, చొక్కా విప్పడు. ఎదుటి గోల్‌కీపర్ ముందు నడుము వంచి దండం పెడతాడు. ఆ ఒక్క వీడియోతో, పెద్దమందడిలో కూర్చుని యమున నడిపే వాట్సాప్ ఛానల్‌కు అరవై వేల మంది చేరారు.

ఏడున్నరకు నాయనమ్మ మల్లమ్మ చనిపోయింది.

యమున తండ్రి లక్ష్మణ్ అందరికీ ఫోన్లు చేశాడు. తల్లికి కొరివి చిన్నకొడుకే పెట్టాలి. ఆ చిన్నకొడుకు బాలకృష్ణ గద్వాలలో ఉంటాడు. కురుమూర్తి జాతరకు తనను పిలవలేదని మూడేళ్లుగా తల్లితో మాటల్లేవు. "వస్తున్న" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

"పొద్దు గూకక ముందే కానియ్యాలె బిడ్డా. చుట్టాల గ్రూపుల గూడ ఒకటి పెట్టు," అన్నాడు లక్ష్మణ్.

యమున దీపం బొమ్మ మీద "మమ్మల్ని విడిచి వెళ్లిపోయావు" అని రాసి పంపింది. అది చేతికి అలవాటైన చోటికే, ఛానల్‌కే వెళ్లింది.

పదకొండింటికి వనపర్తి నుంచి ఆసిఫ్ అనే అభిమాని ఫోన్ చేశాడు.

"అక్కా, కెంటో ఎట్ల పోయిండు? మేమీడ ఆట బంద్ పెట్టినం. రెండు నిమిషాలు మౌనం గూడ పాటించినం."

"కెంటో గాదు తమ్మీ. మా అవ్వ."

"హమ్మయ్య," అన్నాడు ఆసిఫ్. ఆ వెంటనే, "సారీ అక్కా," అన్నాడు.

యమున ఏడుస్తూనే ఛానల్ కోసం సవరణ రాసింది: "చావు వార్త తప్పు. ఆరోగ్యంగా ఉన్నారు. పరేషాన్ కావద్దు." ఈసారి తెర మీద తెరిచి ఉన్నది చుట్టాల గ్రూపు.

నాగర్‌కర్నూల్ నుంచి బయల్దేరిన జీపు సగం దారిలో వెనక్కి తిరిగింది. అందులో ఉన్న జములమ్మ యమునకు వరుసకు మేనత్త.

"అత్తా, అవ్వ నిజంగనే పోయింది," అంది యమున ఫోన్‌లో.

"ఏంది బిడ్డా, పొద్దుగాల పోయింది అంటిరి, ఇప్పుడు బతికింది అంటిరి. ముందుగాల మీరు తేల్చుకోండ్రి, అప్పుడొస్త." మిగతా చుట్టాలూ అదే మాటన్నారు.

బాలకృష్ణ ఫోన్ స్విచ్ఛాఫ్.

"వాడు గూడ ఎనకకు పోయిండు," అన్నాడు లక్ష్మణ్. "మూడేండ్ల సంది రానోడు, బతికుందంటే ఎందుకొస్తడు?"

పాడె కట్టారు. నాలుగైంది, ఐదైంది. ఇక తానే కొరివి పట్టుకుందామని లక్ష్మణ్ లేచేసరికి గుమ్మం ముందు ఆటో ఆగింది. బాలకృష్ణ సంచితో దిగుతూనే మొదలుపెట్టాడు.

"సచ్చిందంటే కొరివి పెట్టి పోదామని బయల్దేరిన అన్నా. పెబ్బేరుల మెసేజ్ చూసిన. పోవాల్నా వద్దా అని బస్టాండుల మూడు గంటలు కూసున్న. ఫోన్ గూడ ఆగిపోయింది. బతికుందంటే ఉత్త చేతులతోని ఎట్ల రావాలె? చీర తెచ్చిన. అమ్మ లేసే ఉన్నదా?"

జనం పక్కకు జరిగితే ఆయనకే కనిపించింది. మడత విప్పని చీరను తల్లి కాళ్ల దగ్గర పెట్టి నడుము వంచాడు. చాలాసేపు లేవలేదు.

పొద్దు గూకుతుండగా కొరివి పెట్టారు. వాడకట్టు వాళ్లున్నారు; చావు కబురు విని బయల్దేరిన చుట్టాల్లో బాలకృష్ణ తప్ప ఒక్కరూ లేరు. ఛానల్‌లో మాత్రం అవ్వ దీపం కింద, కెంటోకని అభిమానులు పెట్టిన నలభై వేల ఎమోజీ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. యమునకు దాన్ని తీసేయబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కెంటో రెండు గోల్స్ కొట్టాడు.