వేపకొమ్మ కింద సోషియాలజీ

ఆగండి, ఆగండి! పేజీ తిప్పకండి. చేతిలో కాఫీ ఉంటే పక్కన పెట్టి మరీ వినండి, ఎందుకంటే పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో ఆ శనివారం ఉదయం జరిగిన సంగతి వింటూ కాఫీ తాగితే అది ముక్కులోంచి వస్తుంది.

ఆ రోజు యోగిత వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు గదిలోకి వెళ్లాలి, తలుపు వేసుకోవాలి, కంప్యూటర్ ముందు కూర్చుని సోషియాలజీ పరీక్ష రాయాలి, పాసవ్వాలి. అంతే!

యోగితకు పదహారేళ్లు. పదకొండో తరగతి ఇంట్లోనే చదువుతోంది. స్కూలుకు వెళ్లిన రోజుల్లో జూన్‌లో ఇచ్చిన పుస్తకాన్ని జూలైకల్లా చదివేసి, మిగతా ఏడాదంతా కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చునేది. కాకుల గురించి కూడా కొత్తగా తెలుసుకోవడానికి ఏమీ మిగలకపోయేసరికి, తల్లి కళైసెల్వి ఆమెను స్కూలు మాన్పించి ఇంటిదగ్గర చదివించడం మొదలుపెట్టింది. అప్పుడే తల్లీకూతుళ్లు ఒక అద్భుతాన్ని కనిపెట్టారు. కాలేజీ మొదటి ఏడాది పాఠాన్ని సొంతంగా నేర్చుకుని, ఇంట్లో కూర్చునే ఒక పరీక్ష రాసి నెగ్గితే, ఎక్కడో ఉన్న ఒక విశ్వవిద్యాలయం ఆ సబ్జెక్టుకు క్రెడిట్ ఇచ్చేస్తుందట. రేపు అక్కడ చేరాక ఆ సబ్జెక్టు మళ్లీ చదవక్కర్లేదు. ప్లస్ టూ కాకముందే కాలేజీలో ఒక మెట్టు ఎక్కేసినట్టే! ఆ సంగతి తెలిసిన రోజు యోగిత మేడమీదికి పరుగెత్తి, ఆరేసిన దుప్పట్ల మధ్య గంతులేసింది.

తండ్రి సుధాకరన్ మాత్రం గంతులేయలేదు. ఆయన బాహూరు చెరువు కాలువలు చూసుకునే ఉద్యోగి. నీళ్లు కాలువలోనే పారాలి, పిల్లలు స్కూల్లోనే చదవాలి అన్నది ఆయన నమ్మకం.

"మాస్టరు లేకుండా మార్కులు యాడనుంచి వస్తాయి? శరి, ఈ ఒక్క పరీక్ష పాసై చూపించు, నీ ఇష్టం, ఇంట్లోనే చదువుకో. కాలేదా, సోమవారం నిన్ను హాస్టలు స్కూల్లో దించేసి వస్తా. మాట్లాడేసినా" అన్నాడు.

ఆ హాస్టల్లో తలకు రాసుకునే నూనె కూడా వార్డెనే పోస్తుందని యోగిత విని ఉంది. ఆ రోజు నుంచి సోషియాలజీ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకునే నిద్రపోయింది.

పరీక్షకు నియమాలు గట్టివి. పరీక్షాధికారి ఒకావిడ కెమెరాలోంచి కన్నార్పకుండా చూస్తూ ఉంటుంది. గదిలోకి రెండో మనిషి రాకూడదు. వస్తే పరీక్ష రద్దు. మరి ఇందిరా నగర్‌లో శనివారం ఉదయం రెండో మనిషి రాకుండా ఉండటమా? చేపలమ్మ వస్తుంది, ఇస్త్రీ బట్టలు వస్తాయి, గ్యాసు సిలిండర్ వస్తుంది, నాలుగు కరివేపాకు రెబ్బల కోసం వచ్చి గంటసేపు కూర్చునే ఎదురింటి తిలగం వస్తుంది.

అందుకే కళైసెల్వి ఆ పూట మిక్సీ వేయనంది, కుక్కర్ పెట్టనంది. తాళింపు అసలే వద్దంది, మిరపకాయ ఘాటుకు పిల్ల దగ్గుతుందని. "పరీక్ష జరుగుతోంది, గంట నొక్కవద్దు" అని తమిళంలో, ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసి గేటుకు అంటించింది. ఆ తర్వాత పిల్లులూ చేపలమ్మా వెనకనుంచి రాకుండా పెరటి గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది.

వీధి వైపు కాపలా నాయనమ్మ లీలమ్మది. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు, కానీ కాగితం చూసి నవ్వింది.

"ఎవురు చదువుతారే దీన్ని? మూలమీద గోడకి ‘పోస్టర్లు అంటించొద్దు’ అని రాసుండాదంట. ఆ రాత మీదనే పోస్టరు అంటించి ఉండారు" అని తనలో తానే అనుకుంది.

అందరూ చదవగలిగే గుర్తు ఒకటి ఆమెకు తెలుసు. పెరట్లోకి వెళ్లకుండానే, పక్కింటి గోడమీదికి వంగిన వేపచెట్టు నుంచి ఒక కొమ్మ విరిచి గుమ్మానికి కట్టేసింది.

గుమ్మానికి వేపకొమ్మ కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. ఆ ఇంట తాళింపు వేయరు, మూడుసార్లు తలనీళ్లు పోసేవరకు కొమ్మ విప్పరు. ఈ చివరి సంగతి లీలమ్మకు కొమ్మ కట్టేటప్పుడు గుర్తు రాలేదు.

మొదట్లో ఎంత బాగా పనిచేసిందో! గేటు దాకా వచ్చిన చేపలమ్మ కొమ్మను చూసి, కేక సగంలో మింగేసి, చెంపలు వేసుకుని, తట్టతో సహా వెనక్కి నడిచింది. ఇస్త్రీ బట్టలు గోడమీదనే ఆగిపోయాయి. సిలిండర్ వీధి మలుపులోనే దిగిపోయింది. లోపల యోగిత మొదటి ఇరవై ప్రశ్నలు ఉల్లిపాయ పొరలు వలిచినట్టు వలిచేసింది. లీలమ్మ అరుగుమీద కూర్చుని తన తెలివికి తానే మురిసిపోతూ ఆకూవక్కా నమిలింది.

అప్పుడు తిలగం వచ్చింది. గేటు బయటే ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దమ్మా! ఎవురికి?"

లీలమ్మ ఆకూవక్కాను దవడకు తోసుకుంది. "లోపల... పాప ఉండాది..." అంది.

"అయ్యో, యోగితకా! ఎప్పట్నుంచి?"

"తొమ్మిదిన్నర నుంచి."

"ఇంత కరెక్టుగా చెబుతాండావే!"

"పదకొండున్నరకి అయిపోతాది లేమ్మా."

"అమ్మ వస్తే పదకొండున్నరకి పోతాదా? మూడు నీళ్లు పోయాల్సిందే కదా! పావం, దిగులుతో నీకు మతి తప్పింది పెద్దమ్మా." తిలగం ముక్కు ఎగబీల్చి చూసింది. ప్రతి శనివారం ఈ ఇంటి రసం తాళింపుకు వీధి వీధంతా తుమ్మేది. ఈ రోజు వాసన లేదు. మిక్సీ చప్పుడు లేదు. ఇక సాక్ష్యం ఏం కావాలి?

"నేను ముందే చెప్పినా కళా అక్కకి. స్కూలుకి పోయే పిల్లలకి ఇంటర్వెల్ ఉంటాది, పుస్తకాల వేడి ఆ టైములో దిగిపోతాది. ఇంట్లో చదివితే ఇంటర్వెల్ యాడ?" అంటూనే వీధి వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి వదిలేసింది.

"ఒసే తిలగం, అది కాదే..." అని లీలమ్మ లేచింది. కానీ ఏమని చెబుతుంది? అమ్మవారి పేరు పెట్టి ఊరికే కొమ్మ కట్టానని చెబితే వీధి ఊరుకుంటుందా? వీధి ఊరుకున్నా అమ్మవారు ఊరుకుంటుందా? నోట్లో ఆకూవక్కా ఉన్నదే మేలనుకుని మళ్లీ కూర్చుంది.

తర్వాత అంతా గిరగిరా తిరిగిపోయింది! వీధిలో ప్రతి ఇంట్లోనూ తాళింపులు ఆగిపోయాయి. మూలమీద వడల బండి పాండియన్ సగం కాలిన వడల్ని నూనెలోంచి తీసేసి పొయ్యి ఆర్పేశాడు. పాప ఒంటికి చలవ అని గోడమీద ఒక కొబ్బరిబొండం ప్రత్యక్షమైంది. కాసేపటికి దాని పక్కన మరొకటి. ఇంకాసేపటికి బొండాలకు చోటు చాలక ఇస్త్రీ బట్టలు కిందికి దిగాయి. చివరికి వీధిచివర మారియమ్మ గుడి చూసుకునే కుప్పుస్వామి, మెడలో పంబ డోలు తగిలించుకుని, వెనక పదిమంది ఆడవాళ్లతో వచ్చేశాడు.

"సామీ, ఇప్పుడు వద్దు! లోపల పాపకి చప్పుడు పడదు" అని లీలమ్మ చేతులు జోడించింది.

"పాపకి పడదు గానీ మారియమ్మ తాయికి పడతాది అవ్వా" అని కుప్పుస్వామి డోలు మీద మొదటి దెబ్బ వేశాడు.

లోపల యోగిత ముందు ఆ క్షణంలో ఉన్న ప్రశ్న ఏమిటో తెలుసా? "నిర్ధారణ లేకుండా ఒక సమూహంలో నోటినుంచి నోటికి పాకే సమాచారాన్ని ఏమంటారు?" ఆమె హుషారుగా "వదంతి" అన్న జవాబు నొక్కింది. బయట ఢమ్మని మోగింది.

"యోగితా, ఏమిటా శబ్దం?" అని కంప్యూటర్‌లోంచి పరీక్షాధికారి ఇంగ్లిషులో అడిగింది. ఆవిడ పేరు ప్రియ. అప్పటిదాకా ఇంగ్లిషు తప్ప మాట్లాడలేదు, నవ్వు అంటే ఏమిటో తెలియనట్టే కూర్చుంది.

"వీధిలో ఏదో పండగ, మేడమ్."

"లేచి కిటికీ వేయండి."

యోగిత కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆమె ముఖం కనబడగానే బయట ఆడవాళ్లంతా ఒక్కసారి నాలుక ఆడిస్తూ గట్టిగా కులవ పెట్టారు. "నడుస్తాండాది! తాయి చల్లని చూపు!" అని తిలగం కళ్లు తుడుచుకుంది. కిటికీ రెక్కల సందులోంచి ఎవరో ఒక వేపమండ లోపలికి విసిరారు. అది సరిగ్గా కీబోర్డు మీద పడింది. యోగితకు ఏమీ అర్థం కాలేదు. ఇంకా ఐదారు ప్రశ్నలే మిగిలాయి, మండను పక్కకు తోసి మళ్లీ కూర్చుంది.

ఈలోగా తిలగం గొంతు బాహూరు చేరింది. కాలువ గట్టుమీద నిలబడి ఫోనులో అది విన్న సుధాకరన్, చెప్పులు అక్కడే వదిలేసి, వట్టి కాళ్లతో మోటార్ సైకిల్ ఎక్కాడు. దారిపొడవునా మొక్కుకుంటూనే వచ్చాడు. గేటు ముందు బండి పడేసి, బొండాలు దాటి, గుమ్మానికి ఉన్న కొమ్మలోంచి ఒక పిడికెడు ఆకు తెంచుకుని లోపలికి దూసుకొచ్చాడు. డోలు చప్పుడుకు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన కళైసెల్వి గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"లోపలికి పోవద్దు! అంతా పాడైపోతాది!"

"నా బిడ్డకి అమ్మ వస్తే నన్నే పోవద్దంటావా?"

"ఏ అమ్మ? యాడ వచ్చింది?" అని ఆమె నోరు తెరిచేలోపే ఆయన తలుపు తోసేశాడు.

కెమెరాలో రెండో మనిషి కనబడ్డాడు. చెదిరిన జుట్టు, వట్టి కాళ్లు, చేతిలో వేపాకు, కళ్లలో నీళ్లు. యోగిత వేళ్లమీద లెక్కపెట్టుకుంది. పరీక్ష రద్దు. సోమవారం. హాస్టలు. వార్డెన్ నూనె!

"ఎవరతను? గదిలోకి ఎందుకు వచ్చాడు?" ప్రియ గొంతు కత్తిలా దిగింది.

"మేడమ్, నేను ఈ పాప నాయనని. బిడ్డకి అమ్మ పోసింది మేడమ్!"

కంప్యూటర్‌లో ప్రియ ముందుకు వంగి ఆయన చేతిలోని వేపాకును చూసింది. తర్వాత ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. కింద చెప్పులు విడిచిన చప్పుడు కూడా వినబడింది.

"అమ్మ వచ్చిందా?" అంది, తెలుగులో! "మాది కూడా మద్రాసులో తెలుగు ఇల్లే సార్. ఆ ఆకు చూసినప్పుడే అనుకున్నా. అమ్మ వచ్చిన బిడ్డని పరీక్షకి కూర్చోబెడతారా? మీరేం మనుషులు సార్?"

"మేడమ్, నాకేం కాలేదు! ఒంటిమీద ఒక్క పొక్కు కూడా లేదు, చూడండి!" యోగిత చేతులు చాచి చూపించింది.

"జ్వరంలో అట్లే మాట్లాడతాది" అన్నాడు తండ్రి.

"అవును సార్, లోపల పోసుంటే పైకి తెలీదు" అంది ప్రియ.

"నిజంగా లేదు! నాయనా, నీ మీద ఒట్టు!"

"చూడండి మేడమ్, ఒట్లు కూడా పెడతాండాది. ఎప్పుడూ పెట్టదు."

నిజం చెబితే ఇంత ప్రమాదమని సోషియాలజీ పుస్తకంలో ఎక్కడా లేదు. ప్రియ తీర్పు చెప్పేసింది. ఒంట్లో బాగాలేక ఆపినట్టు రాస్తానని, పరీక్ష రద్దు కాదని, మూడు నీళ్లూ పోశాక కొత్త తేదీ ఇస్తానని.

"మేడమ్, పాసైపోతాదా?" అని సుధాకరన్ ముక్కు తుడుచుకుంటూ అడిగాడు.

"ఒంట్లో అమ్మని పెట్టుకుని కదలకుండా రాసింది సార్. బయట డోలు మోగుతుంటే కూడా, నేను లేపితే తప్ప తల ఎత్తలే. ఇట్లాంటి బిడ్డకి స్కూలు ఏమిట్కి సార్? ఇంట్లోనే చదివించండి."

కెమెరా ఆరిపోయింది. సుధాకరన్ అక్కడికక్కడే హాస్టలుకు ఫోన్ చేశాడు. "అడ్మిషన్ వద్దు సార్. నా బిడ్డ ఇంట్లోనే చదువుతాది. ఎన్ని పరీక్షలైనా రాస్తాది. దారిలో మొక్కుకున్నా." ఫోన్ పెట్టేసి, వీధి వీధంతటికీ అంబలి పోయిస్తానని కుప్పుస్వామికి మాట ఇచ్చాడు. బయట మళ్లీ కులవలు.

సాయంత్రానికి యోగిత వేపాకు పరిచిన చాప మీద పడుకుని ఉంది. అసలు సంగతిని లీలమ్మ తల్లీకూతుళ్ల చెవుల్లో వేశాక కళైసెల్వి అత్తగారి వైపు చూసిన చూపుకు ఆకులు వాడిపోవాల్సింది, ఎందుకో పోలేదు.

"అవ్వా, నేను లేచి నాయనకి చెప్పేస్తా" అని యోగిత గుసగుసగా అంది.

"చెప్పు తల్లీ. కానీ హాస్టలువాళ్ల నంబరు ఇంకా మీ నాయన ఫోనులోనే ఉండాది" అంది లీలమ్మ, విసనకర్రతో విసురుతూ. "మళ్లీ పరీక్ష వచ్చేదాకా ఓర్చుకో. చదువుకోను టైము కూడా దొరుకుతాది. రసం ఒక్కటే చప్పగా ఉంటాది."

గుమ్మం బయట తిలగం ఇంకో బొండం కొట్టి పట్టుకుని నిలబడింది. పాండియన్ వడలు మానేశాడు. తండ్రి ఇంకా చెప్పులు వేసుకోలేదు, ముఖంలో ఎప్పుడూ లేనంత గర్వం. నిజం చెబితే హాస్టలు తిరిగొస్తుంది, అవ్వ పరువు, ఆ మేడమ్ ఇచ్చే కొత్త తేదీ ఒక్క దెబ్బతో పోతాయి. చెప్పకపోతే లేని పొక్కులకు మూడుసార్లు తలనీళ్లు. తొందరేం లేదు, ఇంకా మొదటి నీళ్లే పోయలేదు, నిదానంగా ఆలోచించి చెప్పండి: ఆ చాప మీద మీరే ఉంటే లేచి కూర్చుని నిజం చెబుతారా, లేక చెయ్యి చాచి ఆ బొండం అందుకుంటారా?