కంచె లోపలి గడ్డి

ఇకమీదట మేతభూమి బాగోగులు గొర్రెల్ని చూసి కాదు, శాస్త్రాన్ని చూసి తేలుస్తామని మంత్రిగారు ప్రకటించారు. నేల 'అధ్వాన్నం' అని రిపోర్టు వస్తే చాలు, మర్నాడే మేత లారీ వస్తుందట. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. నా డ్రైవరు ఉద్యోగం ఊడుతుందన్న భయంతో కాదు, మాట నిజంగానే గొప్పగా ఉంది.

మా ఆఫీసరుగారు ఆ వారమే బయలుదేరారు. పద్ధతి కష్టమేమీ కాదు. చతురస్రంగా ఉన్న ఇనుప చట్రాన్ని చూడకుండా భుజం మీంచి వెనక్కి విసరాలి. అది పడిన చోట గడ్డిపరకలు లెక్కపెట్టాలి. విసిరేది నేను, లెక్కపెట్టేది నేను, సంతకం ఆయనది.

మైదానమంతా నున్నటి గుండులా ఉంది. మధ్యలో మాత్రం ఒక కంచె, దానికి తాళం. గొర్రెలు మేయకపోతే గడ్డి ఎంత పెరుగుతుందో చూద్దామని పన్నెండేళ్ల కిందట మా ఆఫీసే వేయించింది. లోపల నడుమెత్తు గడ్డి, ఒక చెట్టు. బయట మాడిపోయే ఎండ. ఆఫీసరుగారు శాస్త్రం చదువుకున్నవారు కాబట్టి నీడను వెంటనే గుర్తుపట్టారు.

ఆయన కుర్చీ లోపలే వేయించుకున్నారు. నేను ఇరవైసార్లు విసిరాను. ఇరవైసార్లూ చట్రం కంచె లోపలే పడింది. 'అత్యుత్తమం' అని రాసుకున్నారు.

కంచె అవతల ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక నలభై గొర్రెలు, ఎముకల మీద ఉన్ని ఆరేసినట్టు.

"అది మా గొర్రెలు మేసే గడ్డి కాదు బాబూ."

"అందుకేనమ్మా ఇంత బాగుంది" అన్నారు ఆఫీసరుగారు.

"లారీ రాకపోతే ఇవి ఈ నెల దాటవు. పోనీ, పోయేటప్పుడు ఆ తాళమన్నా వేయకండి."

"ఇవి మేసేస్తే వచ్చే ఏడాది మేమేం కొలవాలి?"

ఆమె తాళం వైపే చూస్తూ గొర్రెల పక్కన కూలబడింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. జీపెక్కాక జేబు తడుముకుంటే తాళం చెవి ఉంది కానీ, తాళం వేశానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు.

నాలుగో రోజు మంత్రిగారు ఫొటోగ్రాఫర్లతో దిగారు. కంచె లోపల నలభై గొర్రెలు నీడన పడుకొని తీరిగ్గా నెమరేస్తున్నాయి. చూద్దామన్నా ఒక్క పరక లేదు.

"ఏదయ్యా నీ అత్యుత్తమం?"

ఆఫీసరుగారు తొణకలేదు. "విసరవోయ్" అన్నారు నాతో. విసిరాను. సున్నా.

"అధ్వాన్నం సార్. శాస్త్రానికి మొహమాటం ఉండదు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. నాలుగు రోజుల్లో నిజం పట్టుకున్నందుకు ఆఫీసరుగారి భుజం తట్టి, అక్కడికక్కడే లారీ మంజూరు చేశారు.

అన్నట్టే మర్నాడు లారీ వచ్చింది. ముసలమ్మ గొర్రెల్ని తోలుకుంటూ పరుగున వచ్చింది.

"ఆగమ్మా" అన్నారు ఆఫీసరుగారు. "మేత మంజూరైంది అధ్వాన్నమైన నేలకి. గొర్రెలకని ఆర్డరులో ఎక్కడుంది?"

అధ్వాన్నమని తేలింది కంచె లోపలి నేలే కదా. మోపులన్నీ అక్కడే దింపించారు. తాళం వేసి రమ్మని చెవి నా చేతికిచ్చి, తను జీపెక్కి కూర్చున్నారు.

"జాగ్రత్త. మొన్నటిలా మరిచిపోయేవు."

అలాగే సార్ అన్నాను. వయసు మీద పడుతోంది మరి, ఈ మధ్య నాకు మతిమరుపు బాగా ఎక్కువైంది.