కాగితానికి తగిన ఇంజను

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి, ఒకే ఒక్క నీళ్ళ వ్యాను ఉండేది. ఎండాకాలం వస్తే తూర్పు కొండ మీది సెలయేరు ఎండిపోతుంది. అక్కడి జింకలకూ కుందేళ్ళకూ ఆ వ్యాను పోసే నీళ్ళే దిక్కు. అలాంటి వ్యాను సరిగ్గా నడివేసవి ఎండల్లో రెండుసార్లు దగ్గి, గుప్పున పొగ వదిలి, కొండ మొదట్లో ఆగిపోయింది.

మెకానిక్ ముళ్ళపంది మస్తానయ్య ఇంజను విప్పి చూశాడు.

"మూత కింద గాస్కెట్ రేకు పోయిందండి. మూడు రోజులు టైమిస్తే బండి తిరుగుద్ది," అన్నాడు.

అడవి కౌన్సిల్ అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావుగారికి ఈ మాట రుచించలేదు. మూడు రోజుల్లో అయిపోయే పనికి రిబ్బను ఎక్కడ కట్టాలి, ఉపన్యాసం ఎప్పుడు ఇవ్వాలి?

అప్పుడే సముద్రాలు దాటి వచ్చిన కొంగ గొంతు సవరించుకుంది. "పై దేశాల్లో రోడ్లు నున్నగా ఉంటాయి. అక్కడ బళ్ళు మూలపడ్డా ఇంజన్లు పడుచుగానే ఉంటాయి. వాడిన ఇంజను ఒకటి ఓడలో తెప్పిస్తాను. ఇరవై ఏళ్ళు తిరిగి చూసుకోవక్కర్లేదు."

సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడికైనా ఎగిరి వెళ్ళే కొంగకు వ్యాన్ల సంగతి ఎలా తెలుసని ఒక్కరూ అడగలేదు. పై దేశం నుంచి వచ్చినవాళ్ళను అలాంటివి అడగడం మా అడవుల్లో మర్యాద కాదు.

కార్యదర్శి గోధాచార్యులు ఉడుము. ఫైలు పట్టాడంటే వదలడు. "వాడిన ఇంజను దిగుమతికి రూలు ఒప్పుకోదండి," అన్నాడు.

"తుక్కు అని రాయించండి. తుక్కు రావడానికి అడ్డేముంది?" అంది కొంగ.

"సరే. ఉన్న ఇంజను పూర్తిగా చచ్చిందని కూడా సర్టిఫికెట్ కావాలి."

"బతికే ఉందండి బాబూ," అన్నాడు మస్తానయ్య.

"నువ్వు మెకానిక్‌వా, డాక్టరువా?" అని కసిరారు అధ్యక్షులవారు. సర్టిఫికెట్ తయారైపోయింది.

"చివరిదొకటి. దిగుమతి పూర్తయ్యేదాకా నీటి సరఫరా ఆగకూడదండి." గోధాచార్యులు కాసేపు ఆలోచించి, 'తూర్పు కొండవారికి ప్రతిదినమూ నీరు అందుచున్నది' అని తనే రాశాడు. మూడు కాగితాల మీదా భల్లూకరావుగారు బరబరా సంతకాలు గీకారు.

గుమ్మం దగ్గర జింక చుక్కమ్మ నిలబడి ఉంది. ఆమె బిడ్డ పుట్టి పది రోజులు. నీళ్ళు లేక ఆమెకు పాలు ఇంకిపోతున్నాయి, బిడ్డ లేచి నిలబడలేకపోతోంది.

"నీళ్ళెప్పుడొస్తాయండీ?" అని అడిగింది.

"వస్తున్నాయమ్మా. సముద్రం మీద ఉన్నాయి," అన్నారు అధ్యక్షులవారు.

మస్తానయ్య ఆ మాట విన్నాడు. కోపంతో అతని ముళ్ళన్నీ లేచాయి. కానీ కోపంతో బండి కదలదని తెలిసినవాడు కాబట్టి, ఇంటికెళ్ళి రాగిరేకు వెతికి, గాస్కెట్ ఆకారానికి కత్తిరించి, ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టాడు. నాలుగో రోజు పొద్దున్న వ్యాను కొండెక్కింది. చుక్కమ్మ కడుపునిండా తాగింది. రెండు రోజుల్లో బిడ్డ లేచి గెంతింది. కొండవాళ్ళు ఆనందంగా ఉన్నారు, కాబట్టి ఆ వార్త కౌన్సిల్‌కు చేరలేదు. అక్కడికి ఫిర్యాదులే చేరతాయి.

నెలకు ఓడ వచ్చింది. భల్లూకరావుగారు పరివారంతో రేవుకు వెళ్ళారు. రేవు అధికారి మొసలి పెట్టె తెరిపించింది. ఇంజను తళతళలాడుతోంది. కొంగ మురిసిపోతూ ఒక్క తిప్పు తిప్పించగానే మెత్తగా అందుకుంది.

"ఇది తిరుగుతోందే," అంది మొసలి.

"అవునండి, చాలా బాగా తిరుగుతోంది," అన్నారు భల్లూకరావుగారు.

"అదే తప్పు. తుక్కు తిరక్కూడదు. కాగితమైనా మార్చాలి, ఇంజనైనా మార్చాలి. కాగితం మీద తమరి సంతకముంది మరి."

అధ్యక్షులవారి సంతకం కొట్టేయడమంటే మాటలా? సమ్మెట తెప్పించారు. పరివారంలోని దున్నపోతు నాలుగు దెబ్బలు వేసింది. మొసలి తొంగి చూసి, "ఇప్పుడు కాగితానికి తగ్గట్టుంది," అని ముద్ర కొట్టింది.

పగిలిన ఇంజనును ఊరేగింపుగా తెచ్చి, కౌన్సిల్ ముందు గద్దె మీద పెట్టి, బంతిపూల దండ వేశారు. ఉపన్యాసం మంచి రసపట్టులో ఉండగా, కొండ మీది నుంచి ఖాళీ వ్యాను డుగుడుగుమంటూ దిగి వచ్చింది.

గోధాచార్యులు గబగబా ఫైలు తిరగేశాడు. "అధ్యక్షా, ఈ వ్యాను ఇంజను చచ్చింది. చచ్చిందని సర్టిఫికెట్ ఉంది. రేపు పైవాళ్ళు తనిఖీకొచ్చి ఇది తిరగడం చూస్తే?"

"రేవులో చూశాం కదయ్యా ఏం చెయ్యాలో," అన్నారు భల్లూకరావుగారు. సమ్మెట ఇంకా దున్నపోతు భుజం మీదే ఉంది.

మస్తానయ్య వ్యానులోంచి దూకి, దానికి అడ్డం నిలబడ్డాడు. "కొండ మీద పసిబిడ్డలున్నారండి. మీ కాగితం చింపితే ఎవరూ చావరండి," అని బతిమాలాడు. అతన్ని పక్కకు లాగేసి ఆ ఇంజనునూ పగలగొట్టారు. ఆ పెద్దమనిషి అందరి ముందూ ఏడ్చాడు. నాకైతే ఈ కథలో తలెత్తుకుని తిరగదగినవాడు అతనొక్కడే.

మూడో రోజు చుక్కమ్మ బిడ్డను వెంటబెట్టుకుని ముందు నడవగా, కొండ కొండంతా కదలివచ్చి, అధ్యక్షులవారు స్నానమాడే మడుగులో దిగింది.

"ఇదేమిటి?" అన్నారు భల్లూకరావుగారు, ఒంటికి సున్నిపిండి పూసుకుని.

"మాకు రోజూ నీళ్ళు అందుతున్నాయని మీరే సంతకం పెట్టారటగా. మా వల్ల మీ సంతకం అబద్ధం కాకూడదని వచ్చామండి."

"కార్యదర్శీ, ఆ కాగితం కొట్టెయ్."

ఫైలును గుండెకు హత్తుకుని ఉన్నాడు గోధాచార్యులు. "తమరి సంతకముందండి," అన్నాడు.

వారం తిరిగేసరికి మడుగులో బురద మిగిలింది. కొండవాళ్ళు వ్యాను నీళ్ళు నింపుకునే దూరపు ఏటివైపు సాగిపోయారు. అధ్యక్షులవారు కూడా బిందె భుజాన పెట్టుకుని ఏటికి బయలుదేరారు. కౌన్సిల్ ముందు రెండు ఇంజన్లు పక్కపక్కనే పడి ఉన్నాయి. మస్తానయ్య వాటిని తడిమి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఈ రెండూ కలిపి ఒకటి చెయ్యగలవా?" అని అడిగారు భల్లూకరావుగారు, మొదటిసారి మెల్లగా.

"చేస్తానండి. తిరుగుద్ది కూడా," అన్నాడు మస్తానయ్య. "ముందు ఆ సమ్మెట నాకిప్పించండి."

భల్లూకరావుగారు సమ్మెట కోసం గోధాచార్యులికి కబురు పెట్టారు. అది కౌన్సిల్ ఆస్తి కింద నమోదైపోయిందనీ, బయటకు ఇవ్వడానికి రూలు లేదనీ జవాబు వచ్చింది.

నీతి: పనిచేసే ఇంజనును దగ్గర ఉంచుకోకండి, కాగితాలకు చెడ్డపేరు వస్తుంది.