నిరపరాధుల పేజీ

నలభై ఏళ్లపాటు విశాఖ నగర నిందితులకు విశిష్ట సేవలందించిన క్రిమినల్ లాయరు భీమశంకరరావుగారు తమ ఆత్మకథను పూర్తి చేశారని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఒక్క పేజీ తప్ప.

ఆ పేజీకి శీర్షిక ఉంది: ‘నేను కాపాడిన నిరపరాధులు’. పేర్లే లేవు. ఆయన చలవతో విడుదలైనవారు మూడు వందల పన్నెండు మంది. వారిలో నిజంగా ఏ పాపమూ ఎరగనిదెవరో ఆయన ఏనాడూ అడగలేదు. హోటల్లో తినేవాడు వంటగదిలోకి తొంగిచూడనట్టే, అదొక వృత్తి మర్యాద.

చిక్కల్లా పెళ్లిచూపులనాడు కామేశ్వరితో అన్న మాటతో వచ్చింది. "నిరపరాధి కంట నీరు చూడలేకే ఈ నల్లకోటు వేసుకున్నానండీ." ఆవిడ రాజమండ్రి వదిలి వచ్చింది ఆ మాట విని, సముద్రం చూసి కాదు. ఇప్పుడు ప్రూఫులు దిద్దుతూ ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఒక్కరైనా ఉన్నారాండీ?"

జడ్జీలకు బెదరని మనిషి బెదిరారు. ఆదివారం పాత కక్షిదారులను టిఫినుకు పిలిచారు.

కామేశ్వరి పెసరట్లు వేస్తూ విచారణ ఆలకించింది. మొదట ఆనందపురం అర్జునరావు. ఒకే స్థలాన్ని నలుగురికి అమ్మాడన్న అభియోగం.

"కేసు లేదు, కోర్టు లేదు. ఆ పని చేశావా, లేదా? నిజం చెప్పు."

అర్జునరావు అట్టు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి సెప్పమంతారు బాబూ?"

"నిజమయ్యా!"

"అదే బాబూ, ఏ నిజం? ఓపాలి రాసిచ్చీండి, బట్టీ పట్టేత్తాను."

సారా కేసు గంగాలమ్మ మరింత నిజాయితీపరురాలు. "కింద కోర్టుల సెప్పిందా, పై కోర్టుల సెప్పిందా బాబూ?" అని వివరం అడిగింది. మిగతావారూ అంతే. నేర్పిన పాఠం ఇన్నేళ్లు నిలిచినందుకు ఏ గురువైనా పొంగిపోవాలి. లాయరుగారు మాత్రం తల పట్టుకున్నారు.

అప్పుడు ఫిషింగ్ హార్బర్ నుంచి గురువులు అనే జాలరి అరటిపళ్లతో వచ్చాడు, పిలవకుండానే. వల దొంగతనం కేసులో ఆరు నెలలు జైల్లో ఉన్నవాడు. లాయరుగారు ఓడిన కేసు గనక జాబితాలో లేడు.

"ఆ పొద్దు నాను హార్బర్‌కాడ లేనని సెప్పమన్నారు బాబూ. ఉన్నాను కదేటి? ఉన్నానని సెప్పేసినాను. పక్కోడి వల తెగిపోయుంతే కుట్టిద్దామని తీసినాను గానీ దొంగతనం సెయ్యనేదు. అదీ సెప్పినాను. మీ మాట ఇననేదు బాబూ. తప్పు నాదే, మన్నించండి."

"పెద్దోల్ల మాట ఇనాలిరా!" అని అర్జునరావు మందలించాడు. అందరూ అవునన్నారు. వంటింట్లో అట్టు మాడింది.

మొత్తానికి నిరపరాధి దొరికాడు, కాపాడినవాడే దొరకలేదు. కామేశ్వరి ఎర్ర పెన్ను తీసి శీర్షికలో ‘నేను కాపాడిన’ అన్న రెండు మాటలూ కొట్టేసింది. కింద గురువులు పేరు రాసింది. మిగతా పేజీ ఖాళీగానే అచ్చుకు పంపింది. భీమశంకరరావుగారు అభ్యంతరం లేవనెత్తలేదు. వారి వృత్తి జీవితంలో ఇదే మొదటిసారి.

ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి, "ఈ నగరంలో తప్పు చేసినవాడు కలికానికైనా దొరకడం లేదంటే, అది భీమశంకరరావుగారి కృషి ఫలితమే" అని కొనియాడి, పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. ఖాళీ చూసి జేబులోంచి పెన్ను తీశారు. గురువులు కింద తమ పేరు, హోదాతో సహా, రాసుకున్నారు. ఆ పుస్తకం వరుసలన్నీ తిరిగింది. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షులు, రిటైరైన ఆఫీసర్లు, వారి సతీమణులు, ఆఖరికి అర్జునరావు కూడా.

ఆ ప్రతి కామేశ్వరి దగ్గర భద్రంగా ఉంది. అడుగున ఇంకా కాస్త చోటుంది. మీరూ రావచ్చు. రాసేముందు ఎవరూ ఏమీ అడగరు. ఒకవేళ అడిగినా, ఏం చెప్పాలో లాయరుగారు రాసిస్తారు.