మెట్టు విరగడం జరిగింది

కుర్చీ కాస్త ఇటు లాక్కోండి, గట్టిగా చెప్పే మాట కాదు. మనిషి సుఖంగా బతకాలంటే రాతలో 'నేను' అన్నది కనబడకూడదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా ఇది ఢంకా బజాయించి చెబుతాను.

మా ఫ్లాట్ల మేనేజరుగారు ఈ విద్యలో ఆరితేరారు. రెండో అంతస్తు మెట్టు అంచు విరిగి నాలుగు నెలలైంది. నోటీసు బోర్డులో ఏం రాశారు? "మెట్టు విరగడం జరిగింది. మరమ్మతు చేయబడును." ఎవరు చేస్తారు? అడగడానికి మనిషే లేనప్పుడు ఇక పోట్లాట ఎక్కడిది! నా బీపీ మాత్రలు మిగిలిపోతున్నాయి.

గేటుకు రంగు వేసినప్పుడు మాత్రం అదే బోర్డు మీద "నేను దగ్గరుండి వేయించాను" అని బెత్తెడేసి అక్షరాలు. పండు తిన్నది నేను, తొక్క పారేసింది ఎవరో.

ఈ సుఖం ఆయనొక్కడికేనా అని నేనూ మొదలుపెట్టాను. మొన్న టీవీ ముందు కూర్చుని కూర మాడబెట్టి, ఫ్రిజ్ మీద చీటీ అంటించాను: "కూర మాడటం జరిగింది."

"సీరియల్ కూడా దానంతటదే చూడబడిందా అత్తయ్యా?" అంది కోడలు. తెలివైన పిల్లే, ఆఫీసు భాషే ఇంకా వంటబట్టలేదు.

డైరీలో దొంగతనం రాసుకుంటే రాసినవాడు దొరికిపోతాడు. అదే కథలో 'అతడు' అంటే చప్పట్లు కొడతారు. రిపోర్టులో అయితే అతడూ అక్కర్లేదు, వస్తువే నడిచి వెళ్లిపోతుంది. ఇక దెబ్బ తగిలినవాళ్లకు రాసే ఉత్తరాల్లో ఈ పద్ధతికి సాటే లేదు.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఆ మెట్టు మీదే మా పైయింటి వదిన జారిపడింది. తుంటి ఎముక చిట్లింది. రోజూ సాయంత్రం దిగివచ్చి నాతో సీరియల్ చూసే మనిషి, రెండు నెలలుగా మంచం దిగలేదు. "పెద్దవారు జారడం విచారకరం" అని మేనేజరుగారు కాగితం పంపారు. "వదిన పడటం అందరికీ బాధ కలిగించింది" అని మనవరాలి చేత నేనూ ఓ చీటీ పంపాను.

మరి ఆ రోజు కింద నిలబడి "మొదలైపోయింది, పరుగెత్తుకు రా వదినా" అని కేకేసింది ఎవరు?

నిన్న గోడ పట్టుకుని ఆ మెట్టు దాటి పైకెక్కాను. "వదినా, నిన్ను తొందరపెట్టింది నేనే."

"తెలుసులేవే, నీ గొంతు నాకు కొత్తా? ఆ చీటీ ఎవరు రాశారో అదే అంతుబట్టలేదు," అంది వదిన. "కూర్చో. ఇంతకీ ఆ సీరియల్ పిల్ల ఏమైంది?"

దిగి వస్తూ ఆఫీసు గదిలో ఆగాను. "మెట్టు బాగుచేయించనిది నేనే అని ఒక్క ముక్క రాయండి బాబూ."

"అలా రాసే పద్ధతి లేదు మామ్మగారూ."

పద్ధతి నేనే పెట్టాను. బోర్డు మీద కాగితం అంటించాను. 'వదినను పరుగెత్తించింది నేను' అని రాసి, పక్కన నా సంతకం. దాని కింద 'మెట్టు బాగుచేయించనిది నేను' అని రాసి, పక్కన ఖాళీ. దారం కట్టి ఓ పెన్ను కూడా వేలాడదీశాను.

ఈ సంగతి గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. కానీ "ఎవరో ముసలావిడ అందట" అనొద్దు. కింది ఇంటి మామ్మ నాతో చెప్పింది అనండి. ఆ 'నాతో' మాత్రం మింగేయకండి.