ట్యాంకరు నడిపేవాడి వయసు

బెంగళూరులో నీళ్లు తెచ్చేవాడి వయసు అడగడం మర్యాద కాదు. రెండువేల మూడు ఎండాకాలంలో కె.ఆర్.పురం వెనక వీధి నీళ్ల సంఘం ఈ సూత్రాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. (కొళాయి అభిప్రాయం అడగలేదు. అది ఉగాది నుంచి మౌనవ్రతంలో ఉంది.)

ట్యాంకరు లారీ నడిపే ఓబులేష్‌కు పద్నాలుగేళ్లు. రెండు దిండ్లు వేసుకుని కూర్చుంటే రోడ్డు కనిపిస్తుంది, బ్రేకు అందదు. కిందికి జారితే బ్రేకు అందుతుంది, రోడ్డు కనిపించదు. ఏది కావాలో వాడు అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. సోమవారం రోడ్డు కావాలనుకున్నాడు, అందుకని మునిలక్ష్మి ఇంటి అరుగు మూల ఎగిరిపోయింది. అంతదాకా ఆ మూలనే ఆడుకుంటున్న ఆమె రెండేళ్ల కూతురు సంధ్య అప్పుడే బొరుగుల కోసం లోపలికి పోయింది.

అప్పట్నుంచీ మునిలక్ష్మికి భయం పట్టుకుంది. పోలీసులకు చెబుదామని సంఘం అధ్యక్షుడు చిక్కమునియప్ప దగ్గరికి పోయింది. (అధ్యక్షుడికి తెలపకుండా భయపడటం నిబంధనలకు విరుద్ధం.)

"చెప్పమ్మా, తప్పేముండాది?" అన్నాడాయన. "పోలీసులు వాణ్ణి దింపేస్తారు. మర్నాడు లారీ నువ్వు నడుపుతావా?"

"పెద్ద డ్రైవర్ని పెట్టమనండప్పా."

"పోయిన నెల పెట్టింది పెద్దోణ్ణే గదా. తాగి లారీని మోరీ కాలవలోకి దించినాడు. వీడు పాలు తప్ప ముట్టడు."

"నాకు బిడ్డ ఒక్కతే అప్పా."

"మాకు డ్రైవరూ ఒక్కడే తల్లీ."

అయినా సంఘం ఆమె గోడు పెడచెవిన పెట్టలేదు. ఆ సాయంత్రమే సమావేశమై, వీధిలో అసలు ప్రమాదం ఏమిటో కనిపెట్టింది: పిల్లలు. ట్యాంకరు వచ్చే వేళకు ఐదేళ్లలోపు వారు అరుగుల మీద కనబడరాదని తీర్మానించి, అమలుకు శిశు నియంత్రణ ఉపసంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షురాలు మునిలక్ష్మి. చప్పట్లు కొట్టినారు.

మర్నాడు పొద్దున ఆమె గట్టిగా నిర్ణయించుకుంది. కూతుర్ని చంకనేసుకుని, కిరాణా అంగడి ముందున్న కాయిన్ ఫోను ఎత్తింది. చేతిలో రూపాయి ఉంది, స్టేషను నంబరు నోటికొచ్చు. వేలు అంకెల మీద ఆడుతుండగానే వీధి చివర ట్యాంకరు హారను మోగింది.

మూడు రోజులుగా ఇంట్లో చుక్క నీళ్లు లేవు. వెనక వచ్చినవాళ్లకు బురదే మిగులుతుంది.

మునిలక్ష్మి ఫోను పెట్టేసి, అంగడివాడి బిందె ఒకటి లాక్కుని, చంకలో పిల్లతో సహా లారీకి ఎదురు పరిగెత్తింది.